తమిళ అక్షరాల్లో అవ్వ తెలుగు

మా నాయన తల్లిని మేము అవ్వ అని పిలిచేవాళ్లం. ఆమె రాసి పెట్టుకున్న రెండు నోటు పుస్తకాలు 2022లో నా చేతికి వచ్చాయి. వాటిలోని భాష తెలుగు, లిపి తమిళం. మాది తమిళనాడులో కోవిల్‌పట్టి దగ్గర, అక్కడివారు కరిసల్ అని పిలిచే నల్లరేగడి నేలల్లోని ఒక పల్లె. విజయనగర రాజుల కాలంలోను, ఆ తరవాత మధుర నాయకుల కాలంలోను దక్షిణానికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలోను బడిలోను తమిళం అన్న పద్ధతి అక్కడ తరతరాలుగా సాగుతోంది. అవ్వ అయిదో తరగతి దాకా తమిళంలో చదువుకుంది. తెలుగు అక్షరం ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఇంటి లెక్కలు, ఊరగాయల కొలతలు, పిల్లలు పుట్టిన రోజులు, వానలు, చావులు అన్నీ తాను మాట్లాడే తెలుగులోనే, తనకు వచ్చిన తమిళ అక్షరాల్లో రాసుకుంది.

నాయన ఉద్యోగం వల్ల మా కుటుంబం తిరుపతికి వచ్చేసింది కాబట్టి నేను తెలుగు మాధ్యమంలో చదివాను. తమిళం చదవడం, రాయడం మాత్రం వేసవి సెలవుల్లో నాయన కూర్చోబెట్టి నేర్పించాడు. మా వాళ్లలో రెండు లిపులూ చదవగలిగేది నేనొక్కదాన్నే మిగిలాను. నా పిల్లలకు తమిళ అక్షరాలు రావు, ఊళ్లో ఉన్న మా మేనత్త పిల్లలకు తెలుగు అక్షరాలు రావు. అవ్వ రాతను తెలుగు లిపిలోకి ఎత్తిరాయాలని నేను అనుకోవడానికి కారణం అదే. రెండు పుస్తకాలూ కలిపి 146 పేజీలు. మూడు నాలుగు నెలల్లో అయిపోతుందనుకున్న ఆ పనికి రెండేళ్లు పట్టింది.

మొదట నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. ముందుగా అవ్వ రాసినదాన్ని ఉన్నదున్నట్టు, ఒక్క అక్షరం కూడా సరిదిద్దకుండా, తమిళంలోనే కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఈ మెట్టు దాటేసి నేరుగా తెలుగులో రాసుకుంటూ పోయి ఉంటే, ఏది అవ్వ రాత, ఏది నా ఊహ అన్నది తరవాత నాకే తెలిసేది కాదు. ఈ పని తలపెట్టే ఎవరికైనా నేను చెప్పగలిగిన సలహా ఇదొక్కటే.

ఎక్కించడం మొదలుపెట్టగానే కొన్ని అక్షరాలు అసలు అర్థం కాలేదు. నాయన నాకు నేర్పింది ఇప్పటి తమిళం. 1978లో తమిళనాడు ప్రభుత్వం అక్షరాల రూపాల్లో కొన్ని మార్పులు చేసింది. అంతకు ముందు ణా, నా, ఱా వంటివి దీర్ఘం గుర్తు విడిగా పక్కన నిలబడకుండా, అక్షరమే చుట్టు తిరిగి ఒకే ముద్దగా ఉండేవి. ణై, లై, ళై వంటి వాటికి నెత్తిన ఏనుగు తొండంలాంటి వంపు ఉండేది. అవ్వ చదువు అంతకు చాలా ముందే ముగిసింది కాబట్టి చివరిదాకా ఆ పాత రూపాలే రాసింది. దీన్ని విప్పడానికి నాకు దారి చూపిన మాట 'అణా'. లెక్కల పేజీల్లో ప్రతి వరసలోను రూపాయల అంకె తరవాత ఒకే మాట వస్తుంది, మొదటి అక్షరం 'అ', రెండోది నాకు తెలియని చుట్టు. రూపాయి తరవాత వచ్చేది అణా కాక మరేమిటని తట్టిన తరవాత ఆ చుట్టు 'ణా' అని తేలింది. దాని పోలికతో 'నా', 'ఱా' కూడా దొరికాయి. 'పోయినాడు', 'వచ్చినారు', 'తిన్నాము' అన్న మాటలన్నిటిలోను ఆ 'నా' ఉంది కాబట్టి, ఒక్క సాయంత్రంలో వందల మాటలు చదవడానికి వీలయ్యాయి. ఆ అణాలే ఇంకొక మేలు కూడా చేశాయి. మన దేశంలో 1957 ఏప్రిల్ 1న కొత్త పైసలు వచ్చాయి కాబట్టి, అణాలు ఉన్న పేజీలు అంతకు ముందువి, పైసలు ఉన్నవి ఆ తరవాతివి అని పుస్తకాన్ని కాలం ప్రకారం పేర్చుకోగలిగాను.

తమిళంలో ఎక్కించడం అయిన తరవాత, లిపి మార్చే పనిని కంప్యూటర్‌కే అప్పగిద్దామనుకున్నాను. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికి ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో మన దేశపు లిపుల్లో చాలావాటికి, అంతకు ముందు భారతీయ లిపుల కోసం తయారైన 1988 నాటి ఇస్కీ పద్ధతిని అనుసరించి, ఒకే క్రమంలో చోటు ఇచ్చారు. ఒక్కో లిపికి 128 గళ్లు. తమిళం గళ్లు ముగిసిన చోటే తెలుగు గళ్లు మొదలవుతాయి. తమిళ 'క' సంఖ్య 2965, తెలుగు 'క' సంఖ్య 3093. అంటే ప్రతి తమిళ అక్షరం సంఖ్యకు 128 కలిపితే దానికి సాటి వచ్చే తెలుగు అక్షరం దొరకాలి. స్ప్రెడ్‌షీట్‌లో ఒక చిన్న ఫార్ములా రాసి, ఊరగాయల పేజీ మీద నడిపించి చూశాను.

దబ్బకాయ 'తప్పకాయ' అయింది. గసగసాలు 'కచకచాలు' అయ్యాయి. గోంగూర 'కోఙ్కూర'గాను, ఎర్రగడ్డ 'ఎర్రకట్ట'గాను, బెల్లం 'పెల్లమ్'గాను వచ్చాయి. ధనియాల మధ్యలో అక్షరం ఉండవలసిన చోట ఖాళీ చదరం కనిపించింది. తమిళంలో 'న'కు రెండు అక్షరాలు ఉన్నాయి; మాట మొదట్లోను, 'త'కు ముందు వచ్చేది ఒకటి, మిగిలిన చోట్ల వచ్చేది ఇంకొకటి. ఆ రెండోదానికి తెలుగులో జోడీ లేదు, 3113వ గడి తెలుగులో ఖాళీగానే ఉంది. రెండు 'న'లను ఒకటిగా కలపడం, వర్గాక్షరానికి ముందు వచ్చే ఙ, ఞ, ణ, న, మలను సున్నగా మార్చడం, చివరి 'మ్'ను కూడా సున్న చేయడం తేలికైన సవరణలే. కాని దబ్బకాయ తప్పకాయ కావడం అలాంటిది కాదు.

తమిళ లిపిలో క, ఖ, గ, ఘలు నాలుగింటికీ ఒకే అక్షరం. ట, త, ప వర్గాల్లోను అంతే. 'చ' అక్షరమే చోటునుబట్టి 'స'గా కూడా పలుకుతుంది. ఇది ఆ లిపి లోపమని నేను అనను. తమిళ మాటల్లో ఆ అక్షరం మాట మొదట్లో ఉంటే గట్టిగా, అచ్చుల మధ్య ఒంటరిగా ఉన్నా, ఙ, ణ, మ వంటివాటి తరవాత వచ్చినా మెత్తగా, జంటగా ఉంటే మళ్లీ గట్టిగా పలుకుతుంది. చోటునుబట్టి పలుకు తెలిసిపోతుంది కాబట్టి తమిళానికి అంతకు మించి అక్షరాలు అవసరం లేదు. మన లిపి మాత్రం అన్నీ చూపిస్తుందా? 'చలి'లోని చకారాన్ని, 'చెలి'లోని చకారాన్ని మనం వేరువేరుగా పలికినా ఒకే అక్షరంతో రాస్తున్నాం. ఒకప్పుడు ఆ తేడా చూపడానికి పైన రెండు అంకె వేసిన అక్షరం ఉండేది, ఇప్పుడు మామూలు రాతలో దాన్ని ఎవరూ వాడడం లేదు. ఏ లిపి అయినా ఆ భాష ముందే తెలిసినవారి కోసం పుట్టినదే. చిక్కల్లా ఒక భాష కోసం పుట్టిన లిపిలో ఇంకొక భాషను రాసినప్పుడు వస్తుంది.

తమిళ పలుకుబడి నియమాన్ని ఫార్ములాలో చేర్చి రెండోసారి నడిపించాను. అంగడి, వాడు, పెరుగు లాంటివి చక్కగా వచ్చాయి. కాని మన భాషలో మాట మధ్యలో ఒంటరి కకారం, టకారం గట్టిగానే ఉంటాయి కదా. మేక 'మేగ' అయింది, ఇంటికి 'ఇండిగి' అయింది, వంట 'వండ' అయింది. అవ్వ రాతలో అడుగడుగునా వచ్చే 'నాకు' అన్న మాట ప్రతిచోటా 'నాగు' అయి కూర్చుంది. మాట మొదట్లోనేమో అన్నీ గట్టిపడ్డాయి. దోసకాయ 'తోసగాయ' అయింది. ఒక నియమాన్ని సరిచేస్తే ఇంకొకచోట కొత్త తప్పు పుట్టేది. మూడు వారాలు ఆ ఫార్ములాతో పెనుగులాడిన తరవాత, నాకు కావలసిన సమాచారం ఆ అక్షరాల్లో లేనే లేదని, లేనిదాన్ని ఎంత మంచి ఫార్ములా అయినా బయటికి తీయలేదని ఒప్పుకోవలసి వచ్చింది. ఆ సమాచారం ఉన్నది మా మేనత్త నోట్లో.

అత్తకు డెబ్బై ఆరేళ్లు. ఆమెకు తెలుగు చదవడం రాదు, కాని అవ్వ మాట్లాడిన తెలుగే ఇప్పటికీ మాట్లాడుతుంది. దసరా సెలవుల్లో జిరాక్సు కాపీలు తీసుకుని ఊరికి వెళ్లాను. తమిళంలో అచ్చయిన తెలుగు కీర్తనల పుస్తకాల్లో క అక్షరం పక్కన చిన్న అంకెలు వేస్తారు. 2 వేస్తే ఖ, 3 వేస్తే గ, 4 వేస్తే ఘ. తెలుగు రాని తమిళ గాయకులు త్యాగరాజ కీర్తనలను సరిగా పలకడానికి ఆ అంకెలే ఆధారం. అదే పద్ధతిలో అత్త చదువుతూ ఉంటే నేను అంకెలు వేసుకుంటూ పోదామనుకున్నాను. రెండు పేజీలు అయ్యేసరికి 2, 4 అంకెలతో నాకు పని లేదని తెలిసింది. మా వాళ్ల మాటలో ఒత్తులు లేవు. అత్త 'దనియాలు' అంటుంది, 'బూమి' అంటుంది, 'సంకం' అంటుంది. ఉన్న తేడా గట్టి, మెత్త అన్న రెండే. అంకెలు మానేసి, మెత్తగా పలికిన అక్షరం కింద పెన్సిలుతో గీత గీయమని అత్తకే ఇచ్చాను. గీతలు గీయడంలో ఆమె నాకంటే చురుకు. పొద్దున కాఫీ తాగి కూర్చుంటే వంటవేళ దాకా పది పేజీలు పూర్తిచేసేది.

ఆ గీతలు పడుతున్నకొద్దీ, అవ్వ తనకు తానే ఒక ఉపాయం పన్నుకుందని కనిపించసాగింది. మేకను ఒంటి కకారంతో రాస్తే తమిళ కంటికి అది 'మేగ'గా కనిపిస్తుంది కాబట్టి, కొన్నిచోట్ల ఆమె కావాలని జంట కకారం వేసి 'మేక్క' అని రాసింది. ఆటను 'ఆట్ట' అని, పాటను 'పాట్ట' అని రాసింది. గట్టి పలుకు కావాలంటే జంట వేయాలి అన్నది ఆమె నియమం. అయితే దానివల్ల జంట అక్షరానికి మూడు అర్థాలు ఏర్పడ్డాయి. అది 'కట్ట'లో లాగా నిజమైన జంట కావచ్చు, 'ఆట'లో లాగా గట్టిగా పలికే ఒంటి అక్షరం కావచ్చు, 'గడ్డ'లో లాగా మెత్తటి జంట కావచ్చు. పైగా ఆ ఉపాయాన్ని ఆమె అన్నిచోట్లా పాటించలేదు, తీరిక ఉన్న రోజున రాసిన పేజీల్లో ఉంది, హడావిడిగా రాసిన పేజీల్లో లేదు. ఎవరూ చెప్పకుండా, ఏ పుస్తకమూ చూడకుండా, తన భాషకు సరిపోని లిపిని తన భాషకు తగినట్టు వంచడానికి ఒక పల్లెటూరి ఆడమనిషి చేసిన ఆ ప్రయత్నాన్ని గుర్తుపట్టిన రోజున నాకు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు. అందుకే, చివరి ప్రతిలో 'మేక' అని మామూలుగా రాసినా, అవ్వ జంట వేసిన చోటల్లా పక్కన చిన్న చుక్క పెట్టాను.

అత్తకు కూడా వెంటనే తేలని మాటలు ఉండేవి. లెక్కల పేజీలో ఒకచోట, తమిళ అక్షరాలను తెలుగులో దించితే 'పణ్ట్లు రెణ్టు' అని ఉంది. అవి పండ్లు కావచ్చు, బండ్లు కావచ్చు. పక్కన వేసిన మొత్తం రెండు పండ్లకు అయ్యేది కాదు కాబట్టి అవి బండ్లేనని తేల్చుకున్నాం. 'పటి' అన్న మాట బియ్యం దగ్గర వస్తే కొలత పడి, పిల్లల పేర్ల దగ్గర వస్తే బడి. 'కమ్ప' అని ఉన్నది గంపా, కంపా అన్నది నెత్తిన ఎత్తుకున్నారా, పొలం చుట్టూ వేశారా అన్నదాన్నిబట్టి తెలిసింది. 'తక్కుకు మిరియాలు' అన్నచోట దగ్గు తప్ప వేరే దారి లేదు. ఇలాంటివి చాలావరకు పక్కమాటలను చూస్తే విడిపోయాయి.

సంవత్సరాల పేర్లు కూడా బాగా ఉపయోగపడ్డాయి. అవ్వ తేదీల దగ్గర తమిళ లెక్కల్లో రోజుకు, నెలకు, ఏటికి వాడే పొట్టి గుర్తులు వేసి, ముందు ఏటి పేరు రాసేది. ప్రభవతో మొదలయ్యే అరవై పేర్లు తమిళులకూ మనకూ ఒకటే, వరస కూడా ఒకటే. తమిళ లిపిలో ఋకారం లేదు కాబట్టి 1950-51 నాటి వికృతి 'వికిరుతి'గా ఉంది, ఆ తరవాతి ఖర 'కర'గా ఉంది. సరైన రూపం నాకు ముందే తెలిసిన మాటలు ఇవి, కాబట్టి అవ్వ ఏ తెలుగు అక్షరాన్ని ఎలా రాసేదో చూసుకోవడానికి మంచి కొలమానం అయ్యాయి. ఒక తేడాను మాత్రం గుర్తు పెట్టుకోవలసి వచ్చింది: అవ్వకు కొత్త సంవత్సరం ఏప్రిల్ నడిమిలో, చిత్తిరై నెలతో మొదలవుతుంది, మనకులాగా ఉగాదితో కాదు. మార్చి చివరలో జరిగిన ఒక పెళ్లికి నేను మొదట ఏడాది తప్పుగా వేసి, అత్త తిట్టాక దిద్దుకున్నాను.

ఊళ్ల పేర్ల దగ్గర కళుగుమలై వంటివాటిలో తమిళ, మలయాళాల్లో వినిపించే ప్రత్యేకమైన ళకారం ఉంది. ప్రాచీన తెలుగు శాసనాల్లో ఉండి ఆ తరవాత పోయిన ఆ అక్షరానికి తెలుగు యూనికోడ్‌లో 2014లో చోటు ఇచ్చారు. దాన్ని వాడాలని ఆశ కలిగింది. కాని నా పిల్లలు చూసి ఇది ఏ అక్షరం అని అడిగారు, కాబట్టి మామూలు 'ళ'తోనే సరిపెట్టుకున్నాను.

అత్త గీతలు పట్టుకుని తిరుపతికి వచ్చి, నాలుగు నెలల్లో మొత్తం తెలుగులో రాసేశాను. ఆ మొదటి ప్రతిలో నేను పెద్ద పొరపాటు చేశాను. నాకు తెలియకుండానే బడిలో నేర్చుకున్న తెలుగు నా చేతిలోంచి దిగిపోయింది. అవ్వ 'ఉండాది' అని రాసినచోట 'ఉంది' అని, 'సేసినారు' అన్నచోట 'చేశారు' అని, 'దనియాలు' అన్నచోట 'ధనియాలు' అని రాసుకుంటూ పోయాను. లిపిలో ఒత్తు లేదు కాబట్టి ఒత్తు నేను చేర్చాలి, 'చ'కూ 'స'కూ ఒకే అక్షరం కాబట్టి నిఘంటువులో ఉన్నదే వేయాలి అని నాకు నేను నచ్చచెప్పుకున్నాను. సంక్రాంతికి, అక్కడి పొంగలుకు, ఊరికి వెళ్లి అత్తను కూర్చోబెట్టి అయిదు పేజీలు చదివి వినిపించాను. ఆమె కాసేపు విని, "బాగానే ఉండాది తల్లీ, కాని ఇది మా అమ్మ మాట్లాడినట్టు లేదు, రేడియోలో వార్తలు సదివినట్టు ఉండాది" అంది.

ఆ మాటకు నాకు ముందు కష్టం కలిగింది, ఆ తరవాత ఆమె చెప్పిందే నిజమని అర్థమైంది. నేను చేయవలసింది లిపిని మార్చడం. నేను చేసింది మాండలికాన్ని మార్చడం. అవ్వకు తెలుగు అక్షరాలు వచ్చి ఉంటే ఆమె 'సేసినారు' అనే రాసి ఉండేది. 'చేశారు' అని రాయడానికి ఆమెకు ఏ కారణమూ లేదు. తమిళ అక్షరం రెండు మూడు దారులు చూపిస్తున్నప్పుడు వాటిలో అవ్వ నోట పలికిన దారిని ఎంచుకోవాలి తప్ప, నేను చదువుకున్న పుస్తకాల దారిని కాదు. ఇళ్లలో తెలుగు బతికి ఉన్నా తెలుగు బడి లేని చోట, అక్కడి మాట ఎలా ఉండేదో చెప్పే రాత దొరకడమే అరుదు. దొరికినదాన్ని దిద్ది మన మాటలాగా చేసుకుంటే ఇక దాన్ని దాచుకోవడం ఎందుకు? మొత్తం 146 పేజీలూ మొదటినుంచి మళ్లీ రాశాను. ఈసారి అత్త చదివిన రికార్డింగులను ఫోనులో పెట్టుకుని, విన్నది విన్నట్టు రాశాను.

ఆ రెండోసారి రాసేటప్పుడే, మొదటిసారి నేను చదవకుండా దాటిపోయిన ఒక వాక్యం దొరికింది. భూమి పట్టా గురించి రాసిన పేజీ అది. పట్టా ఎవరి దగ్గర ఉందో, కరణానికి ఎంత ఇచ్చారో రాసిన తరవాత, తమిళ అక్షరాల్లో 'అప్ప నకలు పెట్టెలో ఉణ్టాయి' అని ఉంది. మా అవ్వ తరంవాళ్లు తండ్రిని అబ్బ అనేవారు, అక్కను అప్ప అనేవారు. తమిళ లిపిలో రెండూ 'అప్ప' అనే ఉంటాయి. 'నకలు' అన్నది నకలు కావచ్చు, నగలు కావచ్చు. పట్టా సంగతి నడుస్తోంది కాబట్టి, అబ్బ దగ్గరున్న పట్టా నకలు పెట్టెలో ఉందన్నదే అర్థమని మొదటి ప్రతిలో అనుమానం లేకుండా రాసేశాను. అత్త కూడా ఆ వాక్యాన్ని పట్టా మాటగానే చదివి, గీతలు కూడా అలాగే గీసింది.

రెండోసారి 'ఉండాది', 'ఉండాయి' అన్న మాటలను అవ్వ రాసినట్టే నిలపాలని ఒక్కొక్కదాన్నే సరిచూస్తూ ఉంటే, ఇక్కడ 'ఉండాయి' అని ఉండడం కంటపడింది. నకలు ఒకటే అయితే 'ఉండాది' అని రాయాలి, ఎక్కువ ఉంటే నకళ్లు అనాలి. నగలైతేనే 'ఉండాయి' కుదురుతుంది. నగలు అయితే ఆ మొదటి మాట అబ్బ కాదు, అప్ప. మొదటిసారి నేను 'ఉన్నాయి' అని కూడా రాయలేదు. నకలుకు తగినట్టు 'ఉంది' అని దిద్దేసి, ఉన్న ఒక్క ఆధారాన్నీ నా చేత్తోనే చెరిపేశాను. తమిళంలో ఎక్కించిన ప్రతి విడిగా దాచి ఉండడం వల్ల అది మళ్లీ దొరికింది.

అవ్వకు అక్క ఉన్నట్టు నాకు ఎవరూ చెప్పలేదు. అత్తకు ఫోను చేసి అడిగాను. కొంతసేపు మాట్లాడలేదు. తరవాత నెమ్మదిగా చెప్పింది. అవ్వకంటే నాలుగేళ్లు పెద్దదైన అప్ప ఒకామె ఉండేదట. పెళ్లి కుదిరి, నగలు కూడా చేయించిన తరవాత అమ్మవారు పోసి చనిపోయిందట. పేరు అత్తకు కూడా తెలియదు. "మా అమ్మ ఆ మాట ఎత్తేది కాదు, మేమూ అడిగేవాళ్లం కాదు" అంది. పుస్తకంలో ఇంకా ముందు ఒకచోట 'అప్ప పోయిన ఏట వాన లేదు' అని ఉంది. పోయినాడు, పోయింది అని ఉంటే తెలిసిపోయేది. 'పోయిన' అన్న మాటలో ఆడా మగా తేడా తెలియదు కాబట్టి, దాన్ని కూడా నేను అబ్బ అనే రాసుకున్నాను. ఇప్పుడు అక్కడ రెండు రూపాలూ రాసి, ఏది అన్నది తేలలేదని కింద ఒక మాట చేర్చాను.

2024 చివరికి శుద్ధప్రతి సిద్ధమైంది. ఎడమ పేజీలో అత్త గీతలతో సహా తమిళం, కుడి పేజీలో తెలుగు. ఊళ్లోవాళ్లు ఎడమవైపు చదువుకుంటారు, నా పిల్లలు కుడివైపు చదువుకుంటారు, ఇద్దరూ పైకి చదివితే వినిపించేది ఒకే మాట అయ్యేట్టు చూడడమే నా పని. పన్నెండు ప్రతులు చేయించి అందరికీ ఇచ్చాను. అత్త ప్రతిలో ఆమె గీసిన గీతలే అచ్చులో కనిపించేసరికి చాలా సంతోషించింది, మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని గీత ఉన్నచోట మెత్తగా పలకాలని నేర్పిస్తోంది.

తెలుగు పేజీల్లో ఒక్కచోట మాత్రం నేను లిపి మార్చలేదు. రెండో పుస్తకం చివరి పేజీలో, కింది అంచు చిరిగిపోయినచోట, రెండే మాటలు మిగిలాయి. తెలుగులో దించితే అవి 'ఇల్లు కాలి'. తరవాతి మాట చిరుగులో పోయింది, తేదీ లేదు, ఎవరి ఇల్లో లేదు. ఇల్లు కాలిపోయిందని కావచ్చు. ఖాళీ అయిందని కూడా కావచ్చు. తమిళంలో ఖాళీని 'కాలి' అనే అంటారు, మా వాళ్లూ అలాగే అంటారు. అత్తను అడిగితే, ఆ రోజుల్లో తాను పెళ్లై సాత్తూరులో ఉన్నానని, పక్కింటివాళ్ల గడ్డివామి తగలబడిందని మాత్రం విన్నానని, మా నాయన తిరుపతికి పోయింది కూడా ఇంచుమించు అప్పుడేనని చెప్పింది. తెలుగులో 'కాలి' అని రాస్తే చదివినవారు మంటలనే తలుచుకుంటారు, 'ఖాళీ' అని రాస్తే నాయన ఊరు విడిచి వచ్చిన సంగతినే తలుచుకుంటారు. అందుకే ఆ రెండు మాటలను కుడి పేజీలో కూడా అవ్వ రాసిన తమిళ అక్షరాల్లోనే ఉంచేశాను.